తర్వాతి సంపుటానికి ఏది న్యాయం?

ఒక రచయిత పెద్ద కథ ఒకటి మొదలుపెడతాడు. మొదటి సంపుటం అందరికీ నచ్చుతుంది. నాలుగోదాని దాకా పాఠకులు ఆవురావురుమని చదువుతారు. ఏడోది వచ్చేసరికి సగం మంది పెదవి విరుస్తారు. పదోది చేతికి రాగానే "ఈయన పని అయిపోయింది, డబ్బు కోసం సాగదీస్తున్నాడు" అంటారు. ఇలా అనడం న్యాయమేనా? పుస్తకం నచ్చడం, నచ్చకపోవడం మన ఇష్టం కదా, ఇందులో న్యాయాన్యాయాలు ఎక్కడివి అని మీరు అడగవచ్చు. ఉన్నాయనే నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నేను చెప్పేది మాయలూ మంత్రాలూ యుద్ధాలూ ఉండే పెద్ద పెద్ద ఇంగ్లీషు కథల గురించి. వీటిలో హ్యారీ పోటర్ మీ అందరికీ తెలుసు. 1997 నుంచి 2007 దాకా 7 సంపుటాలు వచ్చాయి. అంతకన్నా పెద్దది 'ది వీల్ ఆఫ్ టైమ్', అంటే కాలచక్రం. రాబర్ట్ జోర్డాన్ అనే అమెరికా రచయిత దాన్ని మొదలుపెట్టాడు. మొదటి సంపుటం 1990లో వచ్చింది, 14వది, చివరిది, 2013లో వచ్చింది. మొత్తం 23 ఏళ్ళు! బెంగళూరులో ఉద్యోగం చేసే మా పెద్దమ్మ కొడుకు దగ్గర ఇవన్నీ ఉన్నాయి. సెలవులకు హోసూరు వచ్చినప్పుడల్లా ఒకటో రెండో తెచ్చిచ్చేవాడు. తెలుగు మీడియంలో చదివే నాకు మొదటి సంపుటం నిఘంటువు పక్కన పెట్టుకుని ముగించడానికే మూడు నెలలు పట్టింది. తర్వాత తర్వాత వేగం వచ్చింది.

అన్నకూ, అతని స్నేహితులకూ ఈ పుస్తకాల మీద ఎప్పుడూ వాదనే. ఒకరు నాలుగోది గొప్పదంటారు, ఒకరు ఆరోది అంటారు. కానీ ఏడు నుంచి పది దాకా ఉన్నవి బాగాలేవన్న మాట మీద మాత్రం చాలామంది ఒకటవుతారు. ముఖ్యంగా 2003లో వచ్చిన పదో సంపుటం, 'క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్వైలైట్'. "అది చదవక్కర్లేదు, అందులో జరిగింది నేను రెండు నిమిషాల్లో చెప్పేస్తా" అని అన్న అన్నాడు. ప్రపంచమంతటా ఈ కథ చదివేవాళ్ళు ఆ సంపుటం గురించి ఇంచుమించు ఇలాగే అంటారు.

ముందు వాళ్ళ వైపు న్యాయం చూద్దాం. వాళ్ళ ఫిర్యాదులో నిజం ఉంది. తొమ్మిదో సంపుటం చివర కథానాయకుడు ఒక మహాకార్యం చేస్తాడు. మంత్రశక్తికి పట్టిన పాత విషాన్ని కడిగేస్తాడు. లోకం మారిపోయే సంఘటన అది. తర్వాత ఏమవుతుందో అని పాఠకులు రెండేళ్ళకు పైగా ఎదురుచూశారు. తీరా పదోది తెరిస్తే, ఆ మహాకార్యం జరుగుతున్న సమయంలోనే తక్కిన పాత్రలు ఎక్కడెక్కడ ఉన్నారు, దూరం నుంచి వాళ్ళకు ఏమి తెలిసింది అనేదే చాలా భాగం ఉంటుంది. 600 పేజీలు దాటిన పుస్తకంలో కాలం కొంచెమే ముందుకు కదులుతుంది. ఆకలితో కూర్చున్నవాడికి విస్తరి వేసి, మంచినీళ్ళు పోసి, అన్నం మాత్రం రేపు వడ్డిస్తామంటే కోపం రాదా? వస్తుంది. ఆ కోపాన్ని తప్పు పట్టలేను.

అయితే నేను ఆ సంపుటం చదివాను. అందులో ఒక ఘట్టం నన్ను చాలా రోజులు వదల్లేదు. దాని గురించి చెప్పాలంటే మొదటి సంపుటానికి వెళ్ళాలి.

ఈ కథలో పెర్రిన్ అని ఒకడున్నాడు. కమ్మరి దగ్గర పని నేర్చుకునే కుర్రాడు. ఒళ్ళు పెద్దది, మనసు మెత్తనిది. తన బలంతో ఎవరికి దెబ్బ తగులుతుందోనని ఆలోచించి ఆలోచించి అడుగు వేస్తాడు. ఊరు విడిచి పారిపోవలసి వచ్చినప్పుడు అతని చేతికి ఒక గొడ్డలి వస్తుంది. దానితో మనుషుల్ని కొట్టాల్సి రావడం అతనికి అసహ్యం. పారేద్దామనుకుంటాడు. అడవిలో తోడేళ్ళతో తిరిగే ఎలయాస్ అనే పెద్దమనిషి అతనికి ఒక సలహా ఇస్తాడు. దాని సారాంశం ఇది: ఆ గొడ్డలిని అసహ్యించుకున్నన్ని రోజులు నీ దగ్గరే ఉంచుకో, దాన్ని వివేకంతో వాడతావు. అసహ్యం పోయిన రోజున మాత్రం దూరంగా విసిరేసి పారిపో. ఇది 1990లో వచ్చిన మాట. మొదటిసారి చదివినప్పుడు బాగుందనుకుని ముందుకు పోతాం.

పదో సంపుటానికి వచ్చేసరికి పెర్రిన్ భార్యను శత్రువులు ఎత్తుకుపోయారు. ఆమె కోసం వెతికి వెతికి అతను సగమైపోయాడు. కొందరు శత్రువులు పట్టుబడతారు. ఏమడిగినా నోరు విప్పరు. అప్పుడు పెర్రిన్, మొదటి సంపుటంలో ఎవరికి దెబ్బ తగులుతుందోనని భయపడిన ఆ పెర్రిన్, కట్టేసి ఉన్న మనిషి చేతిని గొడ్డలితో నరికేస్తాడు. తర్వాత తాను ఏమైపోయాడో అతనికే తెలుస్తుంది. గొడ్డలిని విసిరేస్తాడు. అది ఒక చెట్టుకు దిగబడుతుంది. దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోతాడు.

ఎలయాస్ చెప్పిన రోజు వచ్చింది. రావడానికి 10 సంపుటాలు, 13 ఏళ్ళు పట్టింది. ఇదే ఘట్టం రెండో సంపుటంలో వచ్చి ఉంటే ఏమయ్యేది? ఒక కుర్రాడికి కోపం వచ్చింది, తప్పు చేశాడు, అంతే. మంచివాడు ఒక్క రోజులో చెడ్డవాడు కాడు. రోజూ కొంచెం కొంచెం మొద్దుబారిపోతాడు. అలా మొద్దుబారడం మనకు తెలియాలంటే అంత కాలమూ మనం అతనితో నడవాలి. అన్న రెండు నిమిషాల్లో చెప్పిన కథలో ఈ ఘట్టం "పెర్రిన్ ఒక ఖైదీ చేయి నరికి గొడ్డలి పారేస్తాడు" అనే ఒక్క వాక్యం. వాక్యంలో తప్పేమీ లేదు. కానీ అందులో బరువు లేదు.

ఇక్కడే నాకు ఒక సంగతి తోచింది. మొదటి సంపుటం మాట ఇస్తుంది, తర్వాతి సంపుటాలు ఆ మాట తీరుస్తాయి. ఈ రెండూ ఒకే రకం పనులు కావు. మాట ఇచ్చేటప్పుడు అంతా అందంగానే ఉంటుంది. కొత్త లోకం, కొత్త మనుషులు, ముందు ఏదో గొప్పది రాబోతోందనే ఆశ. ఇంకా లెక్క చెప్పాల్సిన అవసరం ఉండదు. తీర్చేటప్పుడు మాత్రం చిల్లర పైసాతో సహా లెక్క చూపాలి. మా అవ్వ అంటుంటుంది, "మాట ఇచ్చేది నాలిక, తీర్చేది నడుము" అని. నాలిక పనికీ నడుము పనికీ ఒకే కొలత పెట్టి, రెండోది నెమ్మదిగా ఉందని తిడితే అది న్యాయం కాదు.

పైగా ఇలాంటి రచయితకు ఒక కష్టం ఉంది. టోల్కీన్ తన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొత్తం రాసి ముగించాకే 1954, 1955 సంవత్సరాల్లో అది మూడు భాగాలుగా వచ్చింది. చివర్లో ఏదైనా తోస్తే వెనక్కి వెళ్ళి మొదట్లో దిద్దుకోవడానికి ఆయనకు వీలుండింది. జోర్డాన్‌కు ఆ వీలు లేదు. రాస్తూ ఉండగానే సంపుటాలు అచ్చయిపోయాయి. ఎనిమిదో సంపుటం రాసేటప్పుడు మంచి ఆలోచన వస్తే, దానికోసం రెండో సంపుటాన్ని మార్చలేడు. అది అప్పటికే లక్షల ఇళ్ళలో ఉంది. ముందు వేసిన ముగ్గును చెరపకుండా, అదే చుక్కలతో కొత్త గీత కలపాలి. మొదటి సంపుటం రాసేవాడికి ఖాళీ వాకిలి దొరుకుతుంది. పదో సంపుటం రాసేవాడికి తొమ్మిది ముగ్గుల మధ్య మిగిలిన చోటే దొరుకుతుంది.

మన జ్ఞాపకం కూడా ఒక మోసం చేస్తుంది. దూరపు కొండలు నునుపు. పదిహేనేళ్ళ వయసులో చదివిన మొదటి సంపుటం అన్నకు ఇప్పటికీ నున్నగానే కనిపిస్తుంది. పదోది చదివేటప్పటికి అతనికి ఉద్యోగం, ట్రాఫిక్కు, ఇంటి అద్దె. పుస్తకం మారింది నిజమే, చదివేవాడూ మారాడు కదా! హ్యారీ పోటర్ ఐదో సంపుటం 2003లో వచ్చినప్పుడు, హ్యారీ ఎప్పుడు చూసినా అరుస్తున్నాడు, మునుపటిలా సరదాగా లేడు అని చాలామంది విసుక్కున్నారు. నాలుగో సంపుటం చివర ఆ పిల్లవాడు తోటి విద్యార్థి చావును కళ్ళారా చూశాడు. తర్వాత పెద్దలెవరూ అతనికి ఏమీ చెప్పడం లేదు. అరవకుండా నవ్వుతూ ఉంటే అది అబద్ధపు కథ అయ్యేది. మనకు కావలసింది హ్యారీ పెరగడమా, లేక మన కోసం అతను పదకొండేళ్ళ పిల్లవాడిగానే ఉండిపోవడమా?

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. రచయిత పాఠకుడికి బాకీ ఉన్నాడా? అన్న వాదన ఇది: "నేను పది పుస్తకాలకు డబ్బు పెట్టాను, ఏళ్ళ తరబడి ఎదురుచూశాను. నాకు అడిగే హక్కు లేదా?" ఇది తేలిగ్గా తోసెయ్యదగిన మాట కాదు. కథ మొదలుపెట్టినవాడు "ముగిస్తాను" అని నోటితో అనకపోయినా అన్నట్టే. ఆ మాట నమ్మే మనం మొదటి సంపుటం కొంటాం. కాబట్టి బాకీ ఉంది. కానీ అది చీటీ పాట బాకీ లాంటిది కాదు. నెలనెలా చీటీ కట్టినవాడు ఫలానా తేదీకి ఫలానా మొత్తం ఇమ్మని గట్టిగా అడగవచ్చు. పుస్తకం అలా కాదు. కొన్న ప్రతి సంపుటానికీ, చదివిన ఆనందం అప్పుడే మన చేతికి వచ్చేసింది. మిగిలింది నమ్మకం ఒక్కటే. నమ్మకాన్ని తాకీదు ఇచ్చి వసూలు చేయలేం.

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ అనే మరో రచయిత సంగతి చూడండి. ఆయన పెద్ద కథలో నాలుగో సంపుటం 2005లో, ఐదోది 2011లో వచ్చాయి. ఆరోది ఇంకా రాలేదు. అవి పెద్దల కోసం రాసినవి, నేను చదవలేదు. కానీ ఆయన గురించి జరిగే వాదన చాలా విన్నాను. కథ ముగించకముందే మీరు చనిపోతే ఎలా అని ఆయన్నే అడిగినవాళ్ళు ఉన్నారు. 2009లో నీల్ గైమన్ అనే రచయిత, మార్టిన్ మీ సేవకుడు కాడు అనే అర్థం వచ్చేలా ఒక పాఠకుడికి ఘాటుగానే జవాబు రాశాడు. నాకు ఈ రెండు వైపులా పూర్తిగా నచ్చవు. పాఠకుడి బాధ నిజమైనదే. అయినా ఒక మనిషి చావును మన పుస్తకం తేదీ లెక్కలోకి తెచ్చుకున్నప్పుడు మనం హద్దు దాటేశాం. పుస్తకం గురించి ఎంత కఠినమైన మాటైనా అనవచ్చు. పుస్తకం రాసిన మనిషిని మాత్రం పుస్తకం కన్నా తక్కువ చేయకూడదు.

జోర్డాన్ విషయంలో ఆ భయమే నిజమైంది. 2005లో పదకొండో సంపుటం వచ్చింది. కథ మళ్ళీ వేగం అందుకుందని, విసుక్కున్నవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆయనకు గుండెకు సంబంధించిన అరుదైన జబ్బు ఉన్నట్టు తేలింది. చివరి సంపుటం ముగించడానికి టైము చాలదని అర్థమయ్యాక, మిగిలిన కథంతా ఇంట్లోవాళ్ళకు చెప్పాడు, కాగితాల మీద గుర్తులు రాయించి పెట్టాడు. కథ ముగింపు ఘట్టం తానే రాసి ఉంచాడు. 2007 సెప్టెంబరులో చనిపోయాడు. "డబ్బు కోసం సాగదీస్తున్నాడు" అన్నవాళ్ళకు ఇంతకన్నా పెద్ద జవాబు ఏముంటుంది? చనిపోతూ కూడా మాట తీర్చే ఏర్పాటు చేసి వెళ్ళిన మనిషి అతను.

ఆయన భార్య హారియెట్ మెక్‌డూగల్. మొదటినుంచీ ఆ పుస్తకాలకు సంపాదకురాలు కూడా ఆమే. ఆమె బ్రాండన్ శాండర్సన్ అనే యువ రచయితను ఎంచుకుంది. శాండర్సన్ బడి రోజుల నుంచి ఈ కథకు పాఠకుడు. ఒక్క సంపుటం అనుకున్నది మూడయింది. 2009లో, 2010లో, 2013లో అవి వచ్చాయి. మొదటిదానిలో మ్యాట్ అనే పాత్ర మాటతీరు మారిపోయిందని పాఠకులు అన్నారు. ఆ విమర్శలో నిజముందని శాండర్సన్ ఒప్పుకున్నాడు. చూశారా, విమర్శ అంటే ఇలా ఉండాలి. "ఫలానా చోట ఫలానాది తప్పింది" అంటే రాసేవాడు దిద్దుకోగలడు. "నీ పని అయిపోయింది" అంటే ఏమి దిద్దుకుంటాడు?

పెర్రిన్ కథ కూడా శాండర్సన్ చేతుల్లోనే ముగింపుకు వచ్చింది. పదమూడో సంపుటంలో పెర్రిన్ తన కోసం ఒక పెద్ద సుత్తి తయారుచేసుకుంటాడు. గొడ్డలికి నరకడం ఒక్కటే తెలుసు. సుత్తి కొట్టనూ గలదు, తయారుచేయనూ గలదు. మొదటి సంపుటంలో ఒకరు ఇచ్చిన మాట, పదో సంపుటంలో సగం తీరి, పదమూడో సంపుటంలో మరొకరి చేతిమీదుగా పూర్తిగా తీరింది. అందరూ వదిలెయ్యమన్న పదోది వదిలేసి ఉంటే ఆ సుత్తి దెబ్బ నాకు వినిపించేదే కాదు.

తెలుగువాళ్ళకు ఇది కొత్త కాదు. పదకొండో శతాబ్దంలో నన్నయ మహాభారతం మొదలుపెట్టి, అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు రాశాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించాడు. ఎర్రన ఆ భాగాన్ని తన రాజుకు అంకితం ఇవ్వలేదు. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రునికే ఇచ్చాడు. ఆ రాజు పోయి అప్పటికి దాదాపు మూడు వందల ఏళ్ళు! మా తెలుగు సారు ఇంకో సంగతి చెప్పారు. ఎర్రన రచన నన్నయలాగా మొదలై, పోనుపోను తిక్కనకు దగ్గరగా వస్తుందట. అటు ఒక గట్టు, ఇటు ఒక గట్టు, మధ్యలో వంతెన. వంతెన మీద ఎవరూ ఇల్లు కట్టుకోరు, ఫోటో కూడా గట్టు మీదే దిగుతారు. అయినా వంతెన లేకపోతే దాటేదెలా? నిజమే, ఎర్రనకు సంస్కృత మూలం ఎదురుగా ఉంది, శాండర్సన్‌కు గుర్తులు రాసిన కాగితాలు మాత్రమే ఉన్నాయి. కానీ ఇద్దరూ చేసిన ధర్మం ఒక్కటే. ఇంకొకరు ఇచ్చిన మాటను తమ మాటగా తీర్చడం.

అంటే తర్వాతి సంపుటాలన్నీ మంచివేనా? వాటిలో తప్పులు ఎంచకూడదా? అలా కాదు. ఇచ్చిన మాట మరిచిపోతే తప్పే. కథకు పనికిరాని పేజీలు నింపితే అదీ తప్పే. పదో సంపుటంలో అలాంటి పేజీలు ఉన్నాయి, లేవని బుకాయించను. నేను అడిగేది మూడు సంగతులే. మొదటిది, చదివాకే తీర్పు చెప్పాలి. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలు గానీ, కథకు ఆ లెక్క పనికిరాదు. రెండోది, ఆ సంపుటం చేయవలసిన పని ఏమిటో తెలుసుకుని, ఆ పనితోనే దాన్ని కొలవాలి. మూడోది, తప్పును చెప్పాలి, మనిషిని తిట్టకూడదు.

ఇదంతా పుస్తకాల సంగతే కదా, దీనికింత చర్చ ఎందుకు అంటారేమో. మనుషుల్ని కూడా మనం ఇలాగే తూకం వేస్తున్నాం కాబట్టి. 1956లో భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మన హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఇక్కడ తెలుగు మాట్లాడడం అంతకు ఎన్నో తరాల ముందే మొదలైన కథ. మనం దాని తర్వాతి సంపుటాలం. పోయిన ఏడాది ఒక పెళ్ళిలో, అవతలి నుంచి వచ్చిన బంధువులు మా అమ్మ "అంగడి" అంటే నవ్వారు. "మీది అరవం కలిసిన తెలుగు" అన్నారు. వాళ్ళేమో "షాపు" అంటున్నారు! అంగడి పాత తెలుగు మాటే. సరే, మన మాటల్లో తమిళం, కన్నడం కలవలేదా అంటే కలిశాయి. కలవకుండా ఎలా ఉంటాయి? మన వాకిట్లో ముందే వేసిన ముగ్గులు అవి. వాటి మధ్య మిగిలిన చోట మనం గీత కలుపుతున్నాం. మన పెద్దలు "మా పిల్లలు తెలుగు చదువుతారు" అని ఇచ్చిన మాటను, మూడు భాషల మధ్య, నడుము వంచి తీరుస్తున్నాం. మమ్మల్ని మొదటి సంపుటంతో పోల్చి నవ్వేవాళ్ళను నేను కోప్పడను. కొంచెం ఆగి చదవమంటాను.

తోటి విద్యార్థులారా, మొదలుపెట్టినవాడికి చప్పట్లు ఎప్పుడూ దొరుకుతాయి. చప్పట్లు ఆగిపోయాక కూడా పని చేసేవాళ్ళు కొందరుంటారు. పదో సంపుటం రాసేవాళ్ళు, వంతెన కట్టేవాళ్ళు, ఎవరో చేసిన వాగ్దానం తీర్చేవాళ్ళు. వాళ్ళ పనిలో తప్పుంటే చెప్పండి. చెప్పేముందు మాత్రం చివరి పేజీ దాకా చదవండి.